రాజమహేంద్రవరమున మనశ్శాస్త్రాధ్యయనము

గోదావరీమండలమున మనశ్శాస్త్రము కళాశాలలోనికిఁ దన పేరుతోఁ బ్రవేశింపలేదు. రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వపాఠశాల 1853లో వెలసి, 1873లో కళాశాలయై, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపితమగువఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు లోఁబడి యుండెను. ఆ విశ్వవిద్యాలయపు పట్టపరీక్షలలో నీ శాస్త్రము తర్కనీతిశాస్త్రములతోఁ గూడి తత్త్వశాస్త్రమున కొక యంగము మాత్రమే. లైప్‌జిగ్ నగరమున వుంట్ పండితుఁడు 1879లోనే ప్రయోగశాల నెలకొల్పెను. కలకత్తాలో 1916లో దీనికిఁ బ్రత్యేకశాఖ యేర్పడెను.

రెండవ ద్వారము ఉపాధ్యాయశిక్షణము. బాలుని మనస్సెఱుఁగక బోధింపరాదను తలంపుతో శిక్షణకళాశాలలు దీనిని జెప్పించినవి. సర్వేపల్లి రాధాకృష్ణపండితుఁడు మద్రాసు చెంత సైదాపేట కళాశాలలోఁ దోడి యుపాధ్యాయులకుఁ జేసిన యుపన్యాసములే 1912లో మనశ్శాస్త్రగ్రంథముగ నచ్చుపడెను. వేదాంతవ్యాఖ్యాతగాఁ బ్రసిద్ధుఁడైన యాయన తొలి గ్రంథములలో నొకటి యిట్టి పాఠ్యపుస్తక మగుట పలువురు మఱచిన విషయము. 1918లో మైసూరునకుఁ బోవుటకు ముందు ఆయన రాజమహేంద్రవర కళాశాలలోఁ దత్త్వశాస్త్రమును బోధించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కోనేరు రామకృష్ణారావుగారు మనశ్శాస్త్ర, పరామనశ్శాస్త్రములకుఁ బ్రత్యేకశాఖను నెలకొల్పుట 1967 నాఁటి మాట.

ఇంగ్లీషులోఁ జదివి, ఇంగ్లీషులోఁ బరీక్ష వ్రాసిన విద్యార్థికిఁ దెలుఁగు పేరుతోఁ బనిలేదు. పండితునకు మాత్రము పేరే చిక్కు. నైయాయికమతమున మనస్సు అణుపరిమాణమైన యొక యింద్రియము, జ్ఞానమునకు సాధనము. జ్ఞానము, సుఖదుఃఖములు, ఇచ్ఛ, ప్రయత్నము ఆత్మగుణములు. పాశ్చాత్యులు జ్ఞానము, అనుభూతి, సంకల్పమని చేసిన విభాగ మీ గుణములకే సరిపోవును. కాఁబట్టి దీనిని ఆత్మగుణశాస్త్ర మనవలసి యుండును! ఆత్మప్రసక్తి విడిచిన నవీనులు దీని కొప్పరు. శబ్దము రూఢమైనది, ఇఁక మార్చుట వ్యర్థము. అయినను భేదము చెప్పక పాఠము మొదలిడిన నధ్యాపకుఁడు తర్కము చదివిన శిష్యుని భ్రమపెట్టినవాఁ డగును.

రెండు శాస్త్రములు నిజముగాఁ గలసికొను చోటు అవధానము. రెండు జ్ఞానము లొక్కసారి పుట్టవు. మనస్సున కదియే లిఙ్గమని గౌతముఁడు. ఒకేసారి యెన్ని విషయములపై దృష్టి నిలుచునని నవీనులు ప్రయోగములు చేసిరి. కడియమునఁ బుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, యండగండియందుఁ బుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును శతావధానములు చేసిన దేశమున నీ ప్రశ్నకు నిదర్శనము వెదకఁ బనిలేదు. నూఱు కలువఱేకుల దొంతరను సూది గ్రుచ్చినపుడు ఒక్కసారి తెగినట్లు తోఁచినను, ఱేకు తరువాత ఱేకు తెగుచున్నదని నైయాయికులు సమాధానము చెప్పిరి. అవధాని పృచ్ఛకునినుండి పృచ్ఛకునకు మరలుటయు నట్టిదే యగునా, లేక ధారణ యను వేఱొక శక్తి యున్నదా యనునది తర్కపండితులును మనశ్శాస్త్రవిద్యార్థులును గలసి పరీక్షింపఁదగిన విషయము.