పత్రికలో మన యూరు



పత్రిక చేతికి వచ్చినంతనే మనలో పెక్కురు మొదట దేశవార్తలు చూతురు. పిమ్మట ధరవరలు చూతురు. తీరిక యున్నచో జిల్లా వార్తలు చూతురు. రాజధానిలో ఏమి జరిగెనో తెలిసికొనుట తప్పుగాదు. కాని ఆమడ దూరమున నొక పల్లెలో చెఱువుకట్ట తెగినదని నాలుగు పంక్తులలో వచ్చిన వార్త మనకు మఱింత దగ్గఱిది. ఆ కట్టవలె మన కట్టయు పాతబడి యుండవచ్చును గదా! ఇట్టి చిన్న వార్తలను చదువ నేర్చినవారు తమ సంఘమునకు చేసికొన్న మేలును మన చరిత్రనుండియే మూడు నిదర్శనములతో మీకు విన్నవింతును.

1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. అందు సంఘసంస్కరణమును గూర్చి వ్రాయుటయే గాక, న్యాయస్థానములలోను ఉద్యోగులలోను ప్రబలియున్న లంచగొండితనమును బయటపెట్టిరి. లంచము జనులెఱుగని సంగతి గాదు, ఇచ్చినవారందఱును ఎఱుగుదురు. అయినను ప్రతివాడును అది తన ప్రారబ్ధమని యెంచి యూరకుండెడివాడు. అచ్చులో చూచినపిమ్మట, అది తన యొక్కని కష్టము గాదనియు, పదుగురి కష్టమనియు, దానికి బదులు చెప్పవలసినవారు కలరనియు తెలిసినది. వార్త చేయు మొదటి మేలు ఇదియే యని నా తలంపు.

రెండవ నిదర్శనము హైదరాబాదు సంస్థానమునకు సంబంధించినది. 1926 మే 10వ తేదీన సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడెను. నిజాము పాలనలో తెలుగు బడులు అరుదు. తెలుగువాని మొఱ కచ్చేరీలో వినబడుట అంతకంటె అరుదు. అట్టి కాలమున తెలుగు కవులు తెలంగాణమున లేరను మాట యొకటి పుట్టెను. కోపముతో నాలుగు వాక్యములు వ్రాసి విడిచినచో నది వాదముగా ముగిసియుండెడిది. ప్రతాపరెడ్డిగా రట్లు చేయలేదు. ఊరూర నున్న కవుల పద్యములను, వారి వివరములను సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు చేరిరి. ఆ కవులు సంచికకు ముందును ఉన్నవారే. లేనిది లెక్క మాత్రమే. నింద వంటి మాటనుండియు నొక యవకాశమును తీయవచ్చునని దీనివలన గ్రహింపవలెను. మన యూర ఏమియు లేదని యెవరైన వ్రాసినచో, ఉన్నదేమో మనము లెక్కించి చూపవలెను.

మూడవది మీలో పలువురు కన్నులార చూచినదే. నెల్లూరు జిల్లాలో దూబగుంట యను గ్రామము కలదు. 1991లో ఆ జిల్లాయందు అక్షరాస్యతా కార్యక్రమము సాగుచుండగా, పగలు కూలికి పోయిన స్త్రీలు రాత్రి పలక పట్టిరి. వారి వాచకములో సీతమ్మ కథ యను పాఠముండెను. అది సారా వలన చిక్కులపాలైన సంసారపు కథ. మంచినీరు చేరని పల్లెలకును సారా తప్పక చేరుచుండిన కాలమది. చదివిన స్త్రీలు తమ కథయే యచ్చుపడినదని గుర్తించిరి. రోశమ్మ మున్నగువారు ముందు నిలువగా, ఊరి సారాదుకాణమును మూయించిరి.

అటుపిమ్మట జరిగినది మఱింత గమనింపదగినది. దూబగుంట వారి కార్యమే తరువాతి వాచకములో పాఠమయ్యెను. దానిని చదివిన పొరుగు గ్రామముల స్త్రీలు, వారు చేసినది మనమేల చేయరాదని లేచిరి. 1992లో సారావేలములకు అడ్డుపడిరి. వేలములు పలుమాఱులు వాయిదాపడెను. దినపత్రికలు ఏ యూర నేమి జరిగెనో వ్రాయసాగెను. ఒక యూరి వార్త మఱియొక యూరికి ధైర్యమయ్యెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో నది సడలింపబడెను.

ఆ కడపటి వాక్యమును మఱువరాదు. పత్రికకు రేపు వేఱొక వార్త కలదు. ఊరికి మాత్రము సమస్య అచటనే యుండును. దుకాణము మూతపడిననాడు వచ్చిన విలేఖరి, మఱల తెఱచిననాడు రాకపోవచ్చును. కావున వార్తను కనిపెట్టియుండు భారము గ్రామపెద్దలదే.

ఇందులకు పెద్ద యేర్పాటులక్కఱలేదు. వారమున కొకనాడు రచ్చబండ వద్ద జిల్లా పుటను ఒకరు బిగ్గఱగా చదువవలెను. చదువురానివారిని, స్త్రీలను, కూలినాలి చేయువారిని తప్పక పిలువవలెను. ఏలయన కష్టము వారికే ముందు తెలియును. ప్రతి వార్తకును నాలుగు ప్రశ్నలు వేయుడు. ఇది మన యూర కలదా? దీనికి బదులు చెప్పవలసిన యధికారి యెవరు? ఆ యూరివారు చేసిన దానిలో మన చేతనగున దేది? వార్తలో చెప్పక విడిచిన దేమి? తేలిన సంగతిని తేదీతో నొక పుస్తకమున వ్రాసి, మూడు నెలలకు మఱల చూచుకొనుడు.

మఱియొక జాగ్రత్త చెప్పి ముగింతును. అచ్చుపడినదెల్ల నిజమని నమ్మరాదు. పొరుగూర చెఱువుకట్ట తెగినదన్న వార్త చదివినపుడు ఇద్దఱు మనుష్యులను పంపి, ఎచట తెగినదో, ఏల తెగినదో కన్నులార చూచి రమ్మనుడు. వచ్చునపుడు వారు మన కట్టమీదుగా నడచి రావలెను. తూము వద్ద తడి కనబడినచో, ఆ దినమే పంచాయతీకి అర్జీ వ్రాయవలెను.