అరేబియా తీరాన ఒక పన్ను

డైనోసారును మనం రాక్షసబల్లి అంటాం. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు పదాలతో కూర్చిన పేరుకు అది చక్కని అనువాదమే గాని, చుట్టరికం విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. నేటి ప్రాణులలో డైనోసార్లకు దగ్గరిది గోడమీది బల్లి కాదు, పెరటికోడి.

సౌదీ అరేబియాలో లభించి, శాస్త్రీయంగా గుర్తింపు పొందిన తొలి డైనోసార్ అవశేషాలను ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ కియర్ బృందం 2013 చివరలో ప్రకటించింది. దేశపు వాయవ్యాన, ఎర్రసముద్ర తీరపు శిలల్లో దొరికినవి ఒక భారీ శాకాహారి తోకపూసలు, ఒక మాంసాహారి రాల్చుకున్న కొన్ని పళ్ళు. వయసు సుమారు 7.2 కోట్ల సంవత్సరాలు. అప్పటికి ఎర్రసముద్రం లేదు. అరేబియా ఆఫ్రికాలో అంతర్భాగం, అందులోనూ చాలా మేర సముద్రం కింద. నేలమీది జంతువుల ఎముకలు అక్కడ అరుదుగా దొరకడానికి కారణమదే.

ఆ పళ్ళు అబెలిసారిడ్ కుటుంబానివి. 2003లో పేరు పెట్టిన గుజరాత్ రాజాసారస్‌దీ ఆ కుటుంబమే. దానిని పక్షుల పూర్వీకుడనుకుంటే పొరపాటు. జర్మనీలో దొరికిన ఆర్కియోప్టెరిక్స్ వయసు 15 కోట్ల ఏళ్ళు. దానికీ ఈ పంటికీ నడుమ గడిచిన కాలం, ఈ పంటికీ మనకూ నడుమ గడిచిన కాలం కన్నా ఎక్కువ.

పక్షుల దాయాదులు వేరే శాఖలోని చిన్న వేటజంతువులు. ఈ పోలికను 1860లలోనే హక్స్‌లీ ఎత్తిచూపాడు. అయితే 1926లో డెన్మార్క్ చిత్రకారుడు గెర్హార్డ్ హైల్మన్, డైనోసార్లకు మెడఎముకలు లేవు, ఒకసారి పోయిన అవయవం మళ్ళీ రాదు అని వాదించి ఆ దారి మూసేశాడు. పండితులు దాదాపు నలభై ఏళ్ళు ఆయన మాటే నమ్మారు. విచిత్రమేమిటంటే, 1924లో ఆస్బోర్న్ వర్ణించిన ఓవిరాప్టర్‌లో ఆ ఎముక ఉంది. దానిని ఆయన మరొకటిగా పొరబడ్డాడు. 1964లో మోంటానాలో డైనోనికస్‌ను కనుగొన్న జాన్ ఆస్ట్రమ్, దాని మణికట్టులోని అర్ధచంద్రాకారపు ఎముకను ఆర్కియోప్టెరిక్స్‌తో పోల్చి, మూసిన దారి తెరిచాడు. రెక్క ముడుచుకోవడానికి ఆధారం ఆ ఎముకే. 1996లో చైనాలోని లియావోనింగ్‌లో నూగు ఈకల సైనోసారోప్టెరిక్స్ బయటపడింది.

కనుక అరేబియాలో ఇంకా కనబడని చిన్న వేటజంతువులను అక్కడ లేనివిగా లెక్కకట్టడం హైల్మన్ చేసిన పొరపాటే అవుతుంది. ఆయన లేదన్న మెడఎముక మాత్రం, రెండు కలిసి పంగలకర్రలా ఒకటై, రియాద్‌లో ఏ కబ్సా పళ్ళెంలోని కోడి ఛాతీ విప్పినా కనిపిస్తుంది.