ఆముదపు చెట్టు నీడలో న్యాయం

కథల్లో కోర్టు అనగానే నాకు రావిశాస్త్రి గుర్తొస్తారు. మేజిస్ట్రేటు, ప్లీడరు, పోలీసు, బోనులో నిలబడ్డ పేదమనిషి - ఈ లోకాన్ని ఆయన చూపినంతగా మరొకరు చూపలేదు. అయితే గాలీ నీరూ పాడైన ఊళ్ల గురించి ఇటీవల వస్తున్న కథలు చదువుతుంటే నాకొక వెలితి కనిపిస్తోంది. ఫ్యాక్టరీ విషం వదులుతుంది, ఊరు తిరగబడుతుంది, చివరి పేజీలో హైకోర్టు తీర్పు వస్తుంది. ఈ మధ్యలో ఒక గది ఉంది. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ఉత్తర్వు మీద అప్పీలు వినే గది. పేరుకు కోర్టు కాదు, చేసే పని కోర్టుదే. నేను చదివినంతలో మన కథకులు ఆ గదిలోకి తొంగిచూడలేదు. కాబట్టి దాని చరిత్ర కొంత చెప్పుకోవడం అవసరం.

1974లో పార్లమెంటు నీటి కాలుష్య నివారణ చట్టం చేసింది. దాని 28వ సెక్షన్ ప్రకారం, మండలి అనుమతి నిరాకరిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. వినేది ఒక్కరైనా కావచ్చు, ముగ్గురైనా కావచ్చు. అది రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం. నీటి పరీక్ష తెలిసినవాడు ఒక్కడైనా అందులో ఉండాలన్న నియమం లేదు. కొన్నిచోట్ల ఆ పీఠం మీద అధికారులే కూర్చున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో రిటైరైన హైకోర్టు న్యాయమూర్తి ఒక్కరే కూర్చున్నారు.

ఆ ఒక్కరి ముందుకు వచ్చిన ఒక కేసు ఈ దేశపు పర్యావరణ న్యాయాన్నే మలుపు తిప్పింది.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచింది. విశ్వేశ్వరయ్య సలహా మీద నిజాం ప్రభుత్వం నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి మంచినీళ్లూ ఇచ్చాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు రాకూడదని ప్రభుత్వం 1994లో ఒక ఉత్తర్వు, 1996లో 111 నంబరు జీవో ఇచ్చింది. ఆ హద్దు లోపలే, శంషాబాద్ మండలంలో, ఆముదంతో రకరకాల రసాయనాలు తయారుచేసే కర్మాగారం పెడతామని ఒక కంపెనీ వచ్చింది. ఆముదమంటే మన పాలమూరు, నల్లగొండ రైతు మెట్టచేలో పండించే పంటే, అందులో విషమేముంది అనిపిస్తుంది. కానీ ఆ తయారీలో వాడి పారేసే నికెల్ ఉంటుంది. అది చెరువులోకి దిగితే తాగేది ఊరూ నగరమూ రెండూ.

ఇక్కడ ప్రభుత్వం నడత గమనించదగింది. తానే నిషేధించి, 1997 జూలైలో ఈ ఒక్క కంపెనీకి తానే మినహాయింపు ఇచ్చింది! అదే నెలాఖరున మండలి అనుమతి నిరాకరించింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 1998 జనవరిలో అప్పీలు అధికారి అనుమతి ఇమ్మన్నారు. ఆయన ముందున్న ప్రధానమైన ఆధారం కంపెనీ తరఫున ఒక శాస్త్రవేత్త ఇచ్చిన ప్రమాణపత్రం. పరికరాలు మంచివి, జాగ్రత్తలు తీసుకున్నారు, ప్రమాదం లేదని అందులో ఉంది. ఆ న్యాయమూర్తి నిజాయితీని శంకించడం నా ఉద్దేశం కాదు. ఆ కాగితాన్ని ఎదురు ప్రశ్నించేంత రసాయనశాస్త్రం ఆ గదిలో ఎవరికీ లేదు, అంతే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం. హైకోర్టు కూడా ఆ నీడలోనే నిలబడి కంపెనీ వైపు తీర్పు చెప్పింది.

1999 జనవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ మజ్ముదార్, జస్టిస్ ఎం. జగన్నాథరావు ఈ గది లోపాన్నే పట్టుకున్నారు. తీర్పు రాసింది మన తెలుగువాడైన జగన్నాథరావు. సైన్సు తేల్చలేని చోట జాగ్రత్త వైపే మొగ్గాలని, ఉన్న స్థితిని మార్చదలచినవాడే హాని లేదని రుజువు చేయాలని అన్నారు. అంతకన్నా నాకు నచ్చింది మరొకటి: ఈ శాస్త్ర విషయం మాకూ తెలియదని ఒప్పుకుని, దాన్ని పరిశీలించమని 1997 చట్టం కింద ఏర్పడ్డ జాతీయ అప్పీలు సంస్థకు పంపారు. తనకు తెలియదని చెప్పిన న్యాయపీఠం అరుదు. ఆ నివేదిక కంపెనీకి అనుకూలంగా రాలేదు. 2000 డిసెంబరులో తుది తీర్పు వచ్చింది. నిషేధిత ప్రాంతంలో ఒక కంపెనీకి మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదన్నారు.

న్యాయమూర్తులతో పాటు శాస్త్రజ్ఞులూ కూర్చునే పర్యావరణ కోర్టులు కావాలని 2003లో లా కమిషన్ తన 186వ నివేదికలో సిఫారసు చేసింది. అప్పుడు కమిషన్ అధ్యక్షుడు ఆ జగన్నాథరావే. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది. (1995లోనే ఒక ట్రిబ్యునల్ చట్టం చేశారు. అది అమల్లోకే రాలేదు.) గదిలో ఇప్పుడు సైన్సు తెలిసినవాళ్లున్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ గది చెన్నైలో ఉంది. వాదన ఇంగ్లీషులో. అటు 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69 నంబరు జీవోతో 111 జీవో ఆంక్షలను ఎత్తివేసింది. నగరానికి ఆ చెరువుల నీళ్ల అవసరం తగ్గిందన్నది చెప్పిన కారణం.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఊళ్లో ఒక ఆమె తన అర్జీని ఇంగ్లీషులోకి మార్చిపెట్టమని తెచ్చింది. బావి నీళ్లు చెడ్డాయన్నది ఫిర్యాదు. నష్టపరిహారం కోరాలంటే దానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఐదేళ్లలో ట్రిబ్యునల్‌కు వెళ్లాలని చట్టంలో ఉంది. అందుకని మొదటిసారి ఎప్పుడు చూశావమ్మా, తేదీ కావాలి అన్నాను.

"తేదీ ఎట్ల జెప్పాలె సారూ? మా మామ బతికున్ననాడే ఎర్రబడ్డయి" అంది.

ఆ మాటను ఇంగ్లీషులో ఎట్లా రాయాలో ఆ సాయంత్రమంతా నాకు తోచలేదు.