రాయి మీద పేరు, ఫోన్‌లో రసీదు

అమరావతి స్తూపానికి పలకలు ఇచ్చినవాళ్లలో విధికుడనే చర్మకారుడు ఒకడు. కుటుంబంతో కలిసి ఇచ్చానని, పూర్ణకుంభం చెక్కించిన ఆ పలక మీదే రాయించాడు. రాజు కాడు, పెద్ద వర్తకుడూ కాడు. అయినా దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాత కూడా అతని పేరు మనకు తెలుసు. తపాలా ఆఫీసు కౌంటర్ వెనక ఉద్యోగమంతా గడిపిన నాకు అది రసీదులాగే కనిపిస్తుంది.

తర్వాతి శతాబ్దాల దాన శాసనాల్లో ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు అన్నదే కాదు, పొలం సరిహద్దులు కూడా ఉంటాయి. చివర, ఇచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపం ఉంటుంది. కటువుగానే ఉంటుంది గానీ, ఇచ్చినది దారి తప్పదన్న హామీ అందులోనే ఉంది. ఆడిటర్ లేని కాలంలో ఆ పని శాపం చేసింది.

ఆ హామీని సామాన్యుడి ఇంటిదాకా తెచ్చింది మనియార్డరు. 1880లో మొదలైన ఆ సేవ పాత పద్ధతిలో 2015 దాకా నడిచింది. ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమిషన్. ఫారం అడుగున చిన్న కూపన్, అందులో నాలుగు మాటలు రాసుకునే చోటు. అనాథాశ్రమానికి డబ్బు కట్టేవాళ్లు ఆ కాస్త జాగాలోనే ‘నాన్నగారి ఆబ్దికం, పిల్లలకు భోజనం పెట్టండి’ అని ఇరికించి రాసేవారు. రాయడం రానివాళ్లు చెబితే నేను రాసిపెట్టేదాన్ని. కొన్నాళ్లకు అవతలివాళ్ల సంతకంతో అక్నాలెడ్జ్‌మెంట్ ముక్క తిరిగొచ్చేది. దాన్ని దేవుడి పటం వెనక దాచుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఉద్యమాలకూ, ఆపదలో సాయానికీ చందాలే ప్రాణం. 1921లో బెజవాడలో సమావేశమైన కాంగ్రెస్ కమిటీ తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని తీర్మానించింది. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఎన్టీఆర్, అక్కినేని ఊరూరా తిరిగి విరాళాలు అడిగారు.

రిటైరయ్యాక ఒక విద్యార్థి వసతి గృహానికి లెక్కలు చూడడం మొదలుపెట్టాను. వాళ్ల వెబ్‌సైట్‌లో విరాళం ఇవ్వాలంటే ముందు ఖాతా తెరవాలి, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, పేరు ఇంగ్లీషులోనే కొట్టాలి. మొత్తాల పట్టీ వెయ్యి రూపాయలతో మొదలయ్యేది. వందిద్దామనుకున్నవాళ్లకు అక్కడే మొహం చెల్లదు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో అంచె ధ్రువీకరణను రిజర్వ్ బ్యాంకు 2009లో తప్పనిసరి చేసింది. మోసాలు ఆపడానికి అది కావలసిందే. కానీ ఓటీపీ కొట్టాక పేజీ ఏమీ చెప్పకుండా మొదటికి పోయేది. ‘అమ్మా, డబ్బు ముట్టిందా?’ అని నాకు ఫోన్లు. అంతా చేసి, అక్నాలెడ్జ్‌మెంట్ ముక్కను వదిలేశారు.

2016లో యూపీఐ వచ్చాక కమిటీవాళ్లు గోడకు క్యూఆర్ కోడ్ అంటించారు. డబ్బు తేలిగ్గా రాసాగింది. ఎవరిచ్చారో సరైన వివరాలు మాత్రం ఉండవు. గుడి హుండీకి అది సరిపోతుంది. వేసినవాడు దేవుడికి వేశాడు, రసీదు అడగడు. మా బోటి సంస్థకు దాత వివరాలు లేని విరాళాలు ఒక హద్దు దాటితే 30 శాతం పన్ను పడుతుంది. 2006లో తెచ్చిన ఆ నిబంధన నుంచి పూర్తిగా మతపరమైన సంస్థలకు మినహాయింపు ఉంది. దాతకు పన్ను రాయితీ పత్రం ఇవ్వాలన్నా పేరు, పాన్ లాంటి గుర్తింపు సంఖ్య కావాలి.

అందుకే పేజీని మళ్లీ కట్టించాం. మా హాస్టల్లోనే చదువుకున్న కుర్రాడు చేశాడు. ముందు కొందరు దాతల పక్కన కూర్చుని, వాళ్ల వేలు ఫోన్ మీద ఎక్కడ ఆగుతోందో చూశాడు. ఖాతా తీసేశాడు. మొత్తం ఎంతో దాతే రాసుకునేలా చేశాడు. పాన్ పన్ను రాయితీ కావాలన్నవాళ్లనే అడుగుతుంది. డబ్బు చేరగానే తెలుగులో రసీదు, దాని మీద దాత రాసినట్టే పేరు.

నేను పట్టుబట్టింది రెండింటికి. ఒకటి, కూపన్ లాంటి గడి. అందులో ఇప్పుడూ ఆబ్దికాలు, పుట్టినరోజులు, కొడుకు మొదటి జీతం వస్తున్నాయి. ఆ రోజు భోజనాల దగ్గర పిల్లలకు వాటిని చదివి వినిపిస్తాం.

రెండోది, పాస్‌పోర్టు ప్రశ్న. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత డబ్బు మామూలు ఖాతాకే పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, తెలుగువాళ్లే అయినా, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం. దానికి ప్రత్యేక అనుమతి ఉండాలి. 2020 సవరణ ప్రకారం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే అది చేరాలి. మాకు ఆ అనుమతి ఇంకా రాలేదు. అందుకే పేజీ ఆ సంగతి మొదటే అడిగి, వాళ్ల దగ్గర డబ్బు తీసుకోకుండా, కారణం తెలుగులో చెబుతుంది. ఆ అనుమతి వచ్చేదాకా, ఇక్కడున్న వాళ్ల తల్లిదండ్రులు తమ సొంత డబ్బు ఇవ్వదలిస్తే వాళ్ల పేరు మీదే రసీదు రాస్తున్నాం.