గుడివాడ బస్సులో మాండలిన్

కైకలూరులో గుడివాడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ముందు చేపల లారీ పోతోంది. వెనక తలుపు సందులోంచి ఐసు నీళ్ళు రోడ్డు మీద ధారకడుతున్నాయి. రెండు పక్కలా గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, ఒక చెరువు దాటితే ఇంకో చెరువు. డ్రైవరు లారీని దాటడానికి హారన్ మీంచి చెయ్యి తీయడు. మండవల్లి వచ్చేలోపు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోనులో మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ పేరు కొట్టండి.

ఈ రోడ్డుకి అటు చివర పాలకొల్లు. 1969 ఫిబ్రవరి 28న ఆయన పుట్టిన ఊరు. ఇటు గుడివాడ, మొట్టమొదటి కచేరీ చేసిన ఊరు. పాలకొల్లు నుంచి గుడివాడ రావాలంటే బస్సైనా రైలైనా దారి కైకలూరు మీదుగానే. తర్వాత జాజ్ వేదికల మీద పేరు మోగించిన చెయ్యి ఇదే దారిన తొలి కచేరీకి వెళ్ళింది.

ముందు పాలకొల్లు వెళ్దాం. ఆరేళ్ళ పిల్లాడు నాన్న సత్యనారాయణ గారి మాండలిన్ పట్టుకున్నాడు. వాడిలో సరుకుందని తెలిశాక రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర కూర్చోబెట్టారు. సుబ్బరాజు గారు గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. చిత్రం ఏమిటంటే, ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. పాడతారు, అంతే. ఆయన గొంతులో వచ్చింది పిల్లాడు తీగ మీద దించాలి. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే దిక్కు లేదు.

దగ్గరకి జరిగి ఆ ఎడమచెయ్యి చూడండి. గురువుగారు తోడి గాంధారం పాడుతున్నారు. ఆ స్వరం ఒక చోట నిలబడదు, కింది రిషభం నుంచి ఊగుతూ ఉంటుంది. వీణ మీదైతే తీగని పక్కకి లాగి ఆ ఊపు రప్పిస్తారు. మాండలిన్ మెడ సన్నం. పైగా మామూలు మాండలిన్‌కి నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. జతని లాగబోతే రెండూ ఒక్కలా కదలవు, వేలు మాత్రం తెగుతుంది. మెట్టు మీద నొక్కితే ఖణేల్‌మని మోగి టక్కున చచ్చిపోతుంది. పిల్లాడు వేలెత్తకుండా మెట్ల మీదుగా జార్చి చూస్తాడు. గురువుగారు మళ్ళీ పాడతారు. మళ్ళీ జారుతుంది. వాద్యం తెలిసిన గురువు దొరికి ఉంటే, ‘ఇది దీని మీద పలకదు’ అని మొదట్లోనే చెప్పేసేవాడేమో! తెలియకపోవడమే మేలైంది.

కొన్నాళ్ళకి వాద్యమే మారింది. పిక్‌అప్ బిగించిన ఎలక్ట్రిక్ మాండలిన్, జతల బదులు ఒంటి తీగలు, మంద్రం కోసం ఐదో తీగ. ఇప్పుడు మీటితే నాదం నిలుస్తుంది. నిలిచిన నాదాన్ని ఎంత దూరమైనా జార్చుకోవచ్చు.

1978, గుడివాడ. త్యాగరాజ ఆరాధనోత్సవం. మీరూ జనంలో ఉన్నారు. మాండలిన్ అంటే మనకి సినిమా పాటల్లో తెలిసిన చప్పుడు, పల్లవికీ చరణానికీ మధ్య తుళ్ళిపడేది. దాని మీద కీర్తనా? అదీ తొమ్మిదో ఏట పిల్లాడా? వేదిక మీద వాద్యం ఒళ్ళో పెట్టుకుని వాడు నవ్వుతున్నాడు. పెద్దయ్యాక కూడా ఆ నవ్వు అలాగే ఉండేది, ఎంత చిక్కు స్వరం వేసినా ముఖం చిట్లించేవాడు కాదు.

1981లో మద్రాసు, ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ. ఆ కచేరీతో పెద్ద విద్వాంసులు వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చింది.

1983, పశ్చిమ బెర్లిన్. జాజ్ ఉత్సవం. పద్నాలుగేళ్ళ కుర్రాడు చేసేది తన కర్ణాటక కచేరీయే, జాజ్ కాదు. వింటున్న వాళ్ళకి రాగం పేరు తెలియదు, తాళం లెక్క తెలియదు. అయినా అక్కడికక్కడ కల్పన చేసుకుంటూ పోవడం, మృదంగం వేసిన ముడిని విప్పి మళ్ళీ సమానికి రావడం, అది వాళ్ళ వాద్యగాళ్ళు రోజూ చేసే పనే. అరగంట అనుకున్నది చాల్లేదు. జనం లేచి నిలబడి ఇంకా వాయించమన్నారు.

చాలామంది ఈయన్ని ఫ్యూజన్ గాటన కట్టేస్తారు. నాకది సరిపడదు. గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో నడిపిన శక్తి బృందాన్ని ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ కూర్చినప్పుడు శ్రీనివాస్‌ని పిలిచింది జాజ్ వాయిస్తాడని కాదు. అలాంటివాళ్ళు మెక్‌లాఫ్లిన్‌కి కొరవా? ఆ బృందం ఆల్బమ్ ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ పెట్టి వినండి. గిటార్ ఒక మాట విసురుతుంది, మాండలిన్ అందుకుని దానికి గమకం తొడిగి తిరిగి ఇస్తుంది. జాకీర్ హుస్సేన్ తబలా, సెల్వగణేష్ కంజీరా కింద పరుగెడుతున్నా ఈయనకి తొందర లేదు. సుబ్బరాజు గారి పాట ఆ వేళ్ళని వదల్లేదు. ఆ ఆల్బమ్‌లో శ్రీనివాస్ కట్టిన ‘గిరిరాజ్ సుధ’కి మూలం త్యాగరాజు వినాయకుడి మీద చేసిన కృతే.

1995లో గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ అనే ఆల్బమ్, 1998లో పద్మశ్రీ. కాలేయ మార్పిడి జరిగాక 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయారు. నలభై ఐదేళ్ళు. కర్ణాటక సంగీతంలో అది గొంతూ చెయ్యీ పండే వయసు, అందుకే ఇప్పటికీ మింగుడు పడదు.

బస్సు గుడివాడలోకి వచ్చింది. దిగేలోపు ఇంకొక్కటి పెట్టండి. 2023లో శక్తి విడుదల చేసిన ‘దిస్ మొమెంట్’. 2024లో గ్రామీ అందుకున్న ఆల్బమ్ ఇదే. మొదటి పాట పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. ‘గిరిరాజ్ సుధ’ ఇందులోనూ ఉంది. శంకర్ మహదేవన్ పాడుతున్నారు, గణేష్ రాజగోపాలన్ వయొలిన్ మీద పలుకుతున్నారు. మాండలిన్‌కి మాత్రం ఇంకొకరిని పెట్టుకోలేదు.