చంపకమాలలో 64 బిట్లు

18446744073709551615. ప్రోగ్రామర్లు దీన్ని ఎక్కడో చూసే ఉంటారు. మైనస్ గుర్తు వద్దనుకుంటే 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెండు, నాలుగు... ఇలా 64 గళ్ళూ నింపితే మొత్తం గింజలు కూడా ఇన్నే.

మా కరీంనగర్ వైపు కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడి శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. పదో శతాబ్దానివి. పద్యమంటే ఇలా పొగడ్తలకీ, పురాణాలకీ అనుకుంటాం. కానీ ఆ తర్వాతి శతాబ్దివాడని చెప్పే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పై 20 అంకెలూ మల్లనదిగా చెప్పే ఒక చంపకమాలలో ఉన్నాయి!

చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలెట్టి ఎడమకి పోవాలి. మన లిటిల్ ఎండియన్ లాగా అన్నమాట.

తాటాకు మీద ఎక్కించేవాడు ఒక మాట ఎగరగొడితే గణం తప్పి దొరికిపోతాడు. పద్యమే చెక్‌సమ్! అదే గణానికి సరిపోయే వేరే మాట పెడితే మాత్రం దొరకడు. దానికి లెక్కే దిక్కు. ఈ సంఖ్య 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. అంటే అంకెలు కూడితే 3తో పోవాలి. కూడి చూశాను, 87. పోయింది.

ఇందులో 641కి ఓ కథుంది. ఫెర్మా ప్రధానసంఖ్య అనుకున్న 4294967297ని అది భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. మల్లనకి ఇవేవీ తెలీవు. అయినా పద్యంలో ఒక్క అంకె తప్పలేదు.

"తెలుగులో లెక్కలేంటి?" అని ఎవరైనా నవ్వితే, ఈ పద్యం అప్పజెప్పమనండి.