చికిత్సాశబ్దమును గుంటూరి వైద్యాలయమును

అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ప్రథమపాదమున నైదవ సూత్రముచేఁ బాణిని గుప్, తిజ్, కిత్ అను మూఁడు ధాతువులకు సన్ప్రత్యయమును విధించెను. దానిచే వరుసగా జుగుప్స, తితిక్ష, చికిత్స యను రూపము లేర్పడుచున్నవి. మొదటిదానికి నింద, రెండవదానికి క్షమ, మూఁడవదానికి వ్యాధిప్రతీకారము నర్థములని వృత్తికారులు చెప్పిరి. గురువుగారియొద్ద నీ సూత్రమును వల్లించునాఁడు ఈ మూఁటికిని గల సంబంధము రూపసాధనమాత్రమే యని తలఁచితిని. పిదప గుంటూరి వైద్యాలయచరిత్రమును జదువఁగా, రోగిని జూచి యేవగించుకొను లోకము సహనము నభ్యసించి తుదకుఁ జికిత్సకు వచ్చిన క్రమమే యీ మూఁడు మాటలలో నున్నట్లు తోఁచినది. ఇది సూత్రకారుని యభిప్రాయమని చెప్పఁబోను. చరిత్రమును జ్ఞాపకముంచుకొనుట కనువైన వరుస యని మాత్రమే విన్నవించుచున్నాను.

క్రైస్తవులకు వైద్యము భగవత్సేవలో భాగ మెట్లయ్యె నను ప్రశ్నకు వారి గ్రంథభాషయే కొంత సమాధాన మిచ్చును. సువార్తలు గ్రీకుభాషలో నున్నవి. వానిలో యేసు రోగులను బాగుచేసె నను చోటులఁ దఱచుగాఁ గనఁబడు 'థెరపెవో' యను క్రియకుఁ బరిచర్య చేయుట మూలార్థము. వ్యాధిని మాన్పుట దానినుండి పుట్టిన యర్థము. మన శుశ్రూషాశబ్దమును నిట్టిదే. అదియు సన్నంతమే, వినఁగోరుట దాని యవయవార్థము, సేవ దాని రూఢ్యర్థము. రోగి చెప్పుకొనునది వినఁగోరనివాఁడు శుశ్రూషకుఁ డెట్లగును?

మార్కు సువార్త యైదవ యధ్యాయమున, సమాధులలోఁ దిరుగుచుఁ దనకు వేసిన సంకెలలను ద్రెంచుకొను నొక యున్మత్తుని కథ కలదు. కథ ముగియునప్పటి కతఁడు వస్త్రములు ధరించి స్వస్థచిత్తుఁడై కూర్చుండియుండును. చరకుఁడును వ్యాధులకు శరీరము, మనస్సు రెండు నాశ్రయములని చెప్పి, వాతపిత్తకఫములను శరీరదోషములుగాను రజస్తమస్సులను మానసదోషములుగాను విభజించి, మానసరోగములకు జ్ఞానము, ధైర్యము, స్మృతి మొదలగువానిని మందులుగాఁ జెప్పెను. కావున దేహమువలె మనస్సును జికిత్సకుఁ దగినదే యనుట యే యొక్క మతముయొక్కయు సొత్తు కాదు. శాస్త్రమున నున్నది యాచారమున లేకపోవుటయే యెల్లెడలను గల లోపము.

ఆచారమున నుండినది జుగుప్స. ఇంగ్లాండులోఁ బదునెనిమిదవ శతాబ్దమున నున్మత్తులను సంకెలలతో బంధించుట సామాన్యము. 1790లో యార్కు నగరపు శరణాలయమున నొక క్వేకరు స్త్రీ మరణించెను. ఆమెను జూడవచ్చిన స్వసమాజమువారిని లోనికి రానీయలేదు. దీనికి మనసు నొచ్చి విలియము ట్యూకు అను తేయాకు వర్తకుఁడు తన సమాజమును గూడఁగట్టి, 1796లో నదే నగరమున 'రిట్రీటు' అను పేర నొక విశ్రాంతిగృహమును దెఱపించెను. అచ్చట సంకెలలు లేవు. రోగులతో మర్యాదగా మాటలాడుట, వారిచేఁ దోటపని చేయించుట మొదలగునవి చికిత్సాంగము లయ్యెను. 1817లో నమెరికాయందు ఫిలడెల్ఫియాకడ నా సమాజమువారే యిట్టి గృహము నింకొకటి నెలకొల్పిరి.

ఫిలడెల్ఫియాకు సమీపమున నారిస్టౌనులో 1880లోఁ బ్రభుత్వశరణాలయము వెలసినప్పుడు, దాని స్త్రీవిభాగమునకు ఆలిసు బెన్నెటు అను వైద్యురా లధికారిణి యయ్యెను. ఆమె బంధనసాధనములను మాన్పించి, సంగీతము, చిత్రలేఖనము, చేతిపనులు ప్రవేశపెట్టెను. 1856లోఁ బుట్టి 1879లో ఫిలడెల్ఫియా మహిళావైద్యకళాశాలలోఁ బట్టము వడసిన అన్నా సారా కుగ్లరు ఆమెకడ సహాయవైద్యురాలుగాఁ బనిచేసెను. గుంటూరికి వచ్చిన యీ వైద్యురాలు అంతకుముందు మనోరోగుల నడుమ మసలినది యను సంగతి మనకు ముఖ్యము. దేహమును ముట్టుటకు ముందు మనస్సులోని భయమును దీర్పవలెనని యామె యచ్చటనే చూచియుండును.

గుంటూరిలో లూథరను సంఘమువారి పని 1842లో యోహాను క్రిస్టియను ఫ్రెడరికు హేయరుతో మొదలయ్యెను. ఆయన యీ దేశమునకు బయలుదేరకమున్ను బాల్టిమోరులో సంస్కృతమును వైద్యమును జదువఁ బూనుకొనెను. ఈ రెంటి నొక్కచోటఁ జదివిన మిషనరీని దలఁచునప్పుడు సంస్కృతపండితులకు సంతోషము కలుగక మానదు. కాని గృహములలోని స్త్రీలకుఁ బురుషవైద్యుఁ డుండియు లేనట్లే. ఘోషాకుటుంబములలోఁ బ్రసవవేదన పడుచున్న స్త్రీయైనను బరపురుషుని కంటఁ బడుటకంటెఁ జావే మేలని తలంచుచుండెను. ఇట్టి స్త్రీలకు స్త్రీవైద్యురాలే దిక్కు.

అయినను కుగ్లరు 1883లో వచ్చినది వైద్యమునకుఁ గాదు. ఆమెను బంపిన స్త్రీసమాజము వైద్యకార్యమును జేపట్టుట కప్పటికి సిద్ధముగా లేక, జనానాలలో బోధించుపనికే యామెను నియమించెను. కిత్ ధాతువు వి యను నుపసర్గముతోఁ గూడి 'విచికిత్స' యైనప్పుడు సంశయార్థకమగును. చికిత్సకు ముందు విచికిత్స తప్పలేదు. ఆమె తెచ్చిన మందులు పెట్టెలలోనే యుండిపోలేదు. రోగులు వెదకికొని వచ్చిరి. 1885లో సమాజ మామెను వైద్యసేవకు నియమించినది. ఆసుపత్రి తెఱచుట 1898 జూను నెలలో. వచ్చినది మొదలు పదునైదేండ్ల నిరీక్షణమే తితిక్ష.

సంశయ మొక్క సమాజమునదే కాదు. పరదేశస్థుల స్పర్శ మైలయని, వైద్యురాలు వెడలినతోడనే స్నానముచేసి యిల్లు శుద్ధిచేసికొను కాల మది. జుగుప్స మనలోను గలదని యొప్పుకొనుట ధర్మము. మఱి యా జుగుప్సకుఁ గోపమే మందుగాఁ బెట్టియుండినచో, నొక్క రోగియైనను మరలి రాకపోవును. రోగి తన యాచారములను, భయములను ద్వారముకడ విడిచి రాఁజాలఁడు. అవియు నతనితోడనే మంచముపైఁ బరుండును. ఈ సత్యమును గుర్తించినచోటనే దేహవైద్యము మనోవైద్యమునుగూడ నగును. ఏలూరు జమీందారుగారు తమ కుటుంబమునకు జరిగిన చికిత్సకుఁ గృతజ్ఞులై, రోగుల బంధువులు దిగుటకై యాసుపత్రికడ సత్రము కట్టించిరి. అయినవారు చేరువ నున్నారను ధైర్యము చరకుఁడు చెప్పిన మందులలో నొకటి.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. ఈ వైద్య మెల్లను మతమునకు వేసిన యెర కాదా యని పలువు రడిగిరి. మిషను ఆసుపత్రులలో మందుతోఁబాటు బోధయు జరిగె ననుట దాఁచవలసినది కాదు; వారును దాఁచలేదు. ఈ ప్రశ్నను దీర్చుటకు 'స్వస్థ' శబ్దమే చాలును. స్వస్మిన్ తిష్ఠతీతి స్వస్థః. తనయందుఁ దాను నిలుచువాఁడు స్వస్థుఁడు. రోగిని మరలఁ దనయందు నిలుపుట చికిత్స. అతని దుర్బలసమయమున మనస్సును దనవైపునకుఁ ద్రిప్పికొనుట, యెవరు చేసినను, యే దేవునిపేరఁ జేసినను, చికిత్స కాదు. మతము మారనివారికిని సమానముగా మందు దొరకినదా యని యడుగుటయే సరియైన పరీక్ష. గుంటూరిలో హిందువుగనే యుండి సత్రము కట్టించిన జమీందారు ఆ పరీక్ష కొక సాక్షి. సాక్షి యొక్కఁడే చాలునని నేను వాదింపను. ప్రతియాసుపత్రియు, ప్రతిదినమును, ఈ పరీక్షకు నిలువవలసినదే.

కుగ్లరు తన వైద్యాలయచరిత్రమును దానే వ్రాసి 1928లోఁ బ్రకటించి, 1930 జూలై 26వ తేదీని గుంటూరిలోనే మృతినొందెను. ఆసుపత్రి యామె పేరనే నిలిచినది. దేహచికిత్సకువలె మనోరోగములకుఁ బ్రత్యేకస్థానములు ఈ దేశపు క్రైస్తవసేవలో నాలస్యముగా వచ్చినవి. 1950లో లక్నోయందు స్టాన్లీ జోన్సు 'నూర్ మంజిల్' అను మానసికచికిత్సాలయమును స్థాపించెను. వేలూరి క్రైస్తవ వైద్యకళాశాలవారు 1957లో మానసికారోగ్యకేంద్రమును దెఱచి, రోగితోఁ గుటుంబములోనివారు వచ్చి యుండునట్లు నియమము చేసిరి. గుంటూరి సత్రమును జూచి చేసిరని కాదు గాని, రెంటియందును దత్త్వ మొక్కటియే: రోగిని దనవారినుండి వేఱుచేసి స్వస్థుని జేయఁజాలము.

సంకెలలు పాతకాలపు కథ యనుకొనుట ప్రమాదము. 2001 ఆగస్టు 6వ తేదీని తమిళనాటి ఎర్వాడిలో నొక మనోరోగుల నివాసము తగులఁబడఁగా, సంకెలలలో నున్నవారు పాఱిపోలేక మడిసిరి. మృతులు 28 మంది. 2017 సంవత్సరపు మానసికారోగ్యసంరక్షణచట్టము మనోరోగిని సంకెలవేయుట నే రూపముననైనను నిషేధించినది. మార్కు సువార్తలోని కథకును ఈ చట్టమునకును నడుమ నెన్ని శతాబ్దములో గణింపుఁడు! సూత్రములోని మూఁడు ధాతువుల నొక్క శ్వాసలోఁ జదువవచ్చును. లోకము జుగుప్సనుండి చికిత్సకు వచ్చుట కింతకాలము పట్టినది, ఇంకను బూర్తిగా రాలేదు. పాఠశాలలలో నీ సూత్రమును జెప్పు పండితులు రూపములను సాధించిన పిమ్మట, నర్థములనుగూడ శిష్యులచే సాధింపఁజేయుదురుగాక.